తియ్య రంగు

"పంతొమ్మిది అంటే ఎక్కువా తక్కువా? ముందు అది చెప్పమ్మా," అన్నాడు మామగారు.

చేతిలో గీకే బ్లేడు అలాగే ఉంది. వీధిగది కిటికీ ముందు స్టూలు వేసుకుని కూర్చున్న మనిషి లేవను కూడా లేదు. కిటికీ చట్రానికి ఒక పక్క చెక్క తెల్లగా బయటపడింది. రెండో పక్క పాత ఆకుపచ్చ రంగు పెచ్చులు పెచ్చులుగా లేచి ఉంది. కింద నేలంతా పచ్చటి పొడి.

టీచరమ్మ గుమ్మం దాటి లోపలికి రాలేదు. చంకలో రెండేళ్ల కూతురు దిగుతానని కాళ్లు తన్నుకుంటోంది. ఇంట్లో దాన్ని పిడుగు అంటారు. ఎందుకంటారో ఆ కాళ్లు చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది. డాక్టరిచ్చిన కాగితం తల్లి రెండో చేతిలో నలిగి ముద్దయింది.

"ఎక్కువ మామయ్యగారూ. అయిదు వస్తేనే ఇల్లంతా వెతకమంటారట. అసలు పిల్లల ఒంట్లో సీసం అనేదే ఉండకూడదట."

"సీసమా! పసిదాని రక్తంలో సీసమేమిటి? తుపాకీ గుళ్లేమైనా మింగిందా?"

తన జోకుకు తనే నవ్వాడు.

"మీ చేతిలో ఉంది. ఆ పొడిలో ఉంది. దయచేసి ఆ బ్లేడు కింద పెట్టండి," అంది టీచరమ్మ.

నవ్వు ఆగిపోయింది. బ్లేడు మాత్రం కిందికి రాలేదు.

నెల రోజులుగా ఈ ఇంట్లో ఇదే గోల. ఊళ్లో వాళ్ల పిల్లల్ని ఎవరి డేకేర్‌లోనో కూర్చుని తొమ్మిదేళ్లు సాకిన టీచరమ్మ, సొంతంగా ఒకటి పెట్టుకోవాలనుకుంది. వీధిగదీ దాని పక్క గదీ అందుకే బాగు చేయిస్తున్నారు. ఒకటో తారీకున మొదలు. ఆరుగురు తల్లులు పిల్లల పేర్లు రాయించారు. మామగారు రంగుల మేస్త్రి, పని మానేసి ఏడేళ్లయింది. "నా ఇంటికి బయటివాడు బ్రష్ పట్టడమా!" అని తనే నడుం కట్టాడు. ఈ కిటికీలకూ తలుపులకూ ముప్పయ్యయిదేళ్ల కిందట ఆయన వేసిన రంగే ఉంది. మూడు పూతలు. ఆ మాట ఈ నెలలో ఆయన ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు.

పోయిన వారం పిల్ల కడుపు పట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది. తిండి మానేసింది. డాక్టరు రక్తం తీయించాడు. ఇవాళ పొద్దున్న కాగితం చూసి, తలెత్తి ఒకే ప్రశ్న అడిగాడు. "ఇంట్లో ఏదైనా పని జరుగుతోందా?" జరుగుతోందని టీచరమ్మ ఎంత సంబరంగా చెప్పిందో తలుచుకుంటే ఇప్పుడు ఆమెకు తన మీద తనకే అసహ్యం వేస్తోంది.

"నా రంగులో విషం ఉందంటావా?" అన్నాడు పెద్దాయన మెల్లగా.

"నేను అనడం కాదు. పాతకాలం నూనెరంగుల్లో సీసం కలిపేవారట. గోడమీద ఉన్నంతసేపూ అది పడుకుని ఉంటుందట. పొడిగా గీకితే లేస్తుందట."

"గీకక నాకమంటావా? తడిపితే చెక్క ఉబ్బుతుంది. పొడిగీకుడే పని. నలభై ఏళ్లు నేను ఈ దుమ్ములోనే అన్నం తిన్నాను. నాకేమైంది? గుండ్రాయిలా ఉన్నాను."

గుండ్రాయి అన్న మాట వినగానే టీచరమ్మ చప్పున లోపలివైపు తిరిగింది.

లోపలిగదిలో ఇంకో పిల్లవాడున్నాడు. ఎదురింటి కండక్టరమ్మ కొడుకు. ఏడాదిన్నర వయసు, బూరెల్లాంటి బుగ్గలు, పేరు పెట్టి పిలిచేవాళ్లే లేరు, అందరికీ గుండ్రాయే. తల్లికి తెల్లవారుజాము బస్సు పడడంతో, ఒకటో తారీకు దాకా ఆగలేక పన్నెండు రోజులుగా ఇక్కడే దింపి వెళుతోంది. ఒంటిగంటకు వచ్చి తీసుకెళుతుంది.

గోడగడియారం పదకొండు చూపిస్తోంది.

*

టీచరమ్మ భర్త మెకానిక్. పావుగంటలో ఇంట్లో ఉన్నాడు. లిఫ్టులు బాగుచేసే మనిషి. భార్య ఫోనులో మాట పూర్తి చేయకముందే బయలుదేరినట్టున్నాడు, నడుముకు పనిముట్ల పట్టీ ఊడదీయలేదు.

"ఏం చెయ్యమన్నాడు డాక్టరు? మందులు రాశాడా?"

"ఈమాత్రం దానికి మందులుండవటండీ. ఆ సీసాన్ని ఇంట్లోంచి తీసెయ్యాలి. అది పోయేదాకా పిల్లను ఇక్కడ ఉంచకూడదు. పాలు, గుడ్లు, ఆకుకూరలు బాగా పెట్టాలి. నెల తరవాత మళ్లీ రక్తం చూస్తారు."

"మరి తగ్గిపోతుందిగా?"

"రక్తంలోది తగ్గుతుంది." టీచరమ్మ పిల్లను ఇంకో చంకకు మార్చుకుంది. "ఈలోపల బుర్రకేమైనా అయిందా అంటే... అది ఇప్పుడు తెలీదన్నాడు. బడికెళ్లి అక్షరాలు దిద్దే వయసొస్తే తెలుస్తుందన్నాడు."

మెకానిక్ గోడకు ఆనుకోబోయి, గోడను చూసి, నిటారుగా నిలబడ్డాడు.

టీచరమ్మ కాగితం విప్పి చదివింది. పొడిగా గీకకూడదు. నీళ్లు చల్లి, తడిగా ఉండగానే తీయాలి. నిప్పుతో, వేడిగాలితో కాల్చకూడదు. చీపురు పట్టకూడదు, తడిగుడ్డతోనే తుడవాలి. ఫ్యాను వేయకూడదు. పని జరిగే గదిని ప్లాస్టిక్ పట్టాతో మూసేయాలి. పని చేసినవాళ్లు బట్టలు మార్చుకోకుండా పిల్లల్ని ఎత్తుకోకూడదు.

ఒక్కొక్క మాటా ఒక్కొక్కరికి తగిలింది. గీకింది పెద్దాయన. రెండు ఆదివారాలు వేడిగాలి మిషను అద్దెకు తెచ్చి తలుపుల రంగు కాల్చింది మెకానిక్. పొద్దునా సాయంత్రం ఫ్యాను పెద్దగా పెట్టి, చీపురుతో ఊడ్చి ఊడ్చి, ఇల్లు అద్దంలా ఉంచుకున్నానని మురిసిపోయింది టీచరమ్మ. నింద పంచుకుంటే ముగ్గురికీ కడుపునిండా సరిపోతుంది. కాని అలాంటప్పుడు పంచుకునేవాళ్లు ఎవరు?

"నాన్నా, నేను మొదట్లోనే చెప్పాను. కొత్త కిటికీలు పెట్టించేద్దామని," అన్నాడు మెకానిక్.

"ఆహా! ఖర్చు తగ్గుతుంది, మిషనుతో కాలుద్దామన్నది నువ్వు కాదూ?"

"నువ్వు గీకుతుంటే నెలలైనా తెమలదని!"

"నా చేతులు నెమ్మదించాయిరా. ఒప్పుకుంటాను. వయసు!"

"వయసు కాదేమో మామయ్యగారూ," అంది టీచరమ్మ.

అనకూడదనే అనుకుంది. నోరు జారింది. ఇక ఆపలేకపోయింది.

"డాక్టరు మీ గురించీ అడిగాడు. ఆ రంగులేసిన ఆయన చేతులెలా ఉన్నాయి, మణికట్టు లేస్తుందా, అని. నేను జవాబు చెప్పలేదు."

ముగ్గురూ ఆ చేతివైపు చూశారు. కుడిచేతి మణికట్టు అయిదారేళ్లుగా పైకి లేవదు. పెద్దాయన ఎడంచేత్తో దాన్ని ఎత్తిపట్టుకుని గీకుతాడు. అన్నం ముద్ద నోటికి చేరేలోగా సగం రాలిపోతుంది. పెద్దతనం కదా అని అందరూ సరిపెట్టుకున్నారు. పెద్దాయన కూడా సరిపెట్టుకున్నాడు.

ఇప్పుడు ఆయన బ్లేడు కింద పెట్టాడు. చప్పుడు రాకుండా పెట్టాడు.

లోపల గుండ్రాయి నిద్రలో ఏదో గొణిగాడు.

"దుమ్ముకే పంతొమ్మిదా?" అన్నాడు మెకానిక్ చివరికి. ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నట్టు అన్నాడు.

"అదే నాకూ అర్థం కాలేదు. తిన్నగా నోట్లోకి ఏదో వెళ్లుండాలి అన్నాడు డాక్టరు. నా పిల్ల మట్టి తినదు, సుద్ద తినదు అని ఒట్టేసి మరీ చెప్పాను."

ఆ మాటల్లోనే చంక జారింది. పిడుగు నేల మీదికి దిగింది, తండ్రి పట్టుకునేలోగా అతని కాళ్ల సందులోంచి దూరి కిటికీ దగ్గరికి చేరింది. మునివేళ్ల మీద లేచింది. చూపుడువేలు చట్రం అంచున పచ్చపొడిలో అద్ది, నాలుక బయటపెట్టి, వేలు నాకింది.

"తియ్య!" అంది తాతవైపు తిరిగి. పెద్ద పాఠం ఒప్పజెప్పినట్టు కళ్లు మెరిశాయి.

మెకానిక్ ఒక్క అంగలో పిల్లను లాక్కున్నాడు. టీచరమ్మ కొంగుతో ఆ నాలుక తుడిచి, ఆ కొంగుకూ దుమ్ముంటుందని గుర్తొచ్చి, వంటింటి కుళాయి దగ్గరికి పరుగెత్తింది. నోరు కడుగుతుంటే పిల్ల కెవ్వుకెవ్వుమంది. కడిగి తీసుకొచ్చేసరికి తండ్రీకొడుకులు ఉన్నచోటే ఉన్నారు.

"ఎవరు నేర్పారే నీకు?" అన్నాడు మెకానిక్.

పిడుగు ఏడుస్తూనే వేలు చూపించింది. తాతవైపు.

పెద్దాయన స్టూలు మీద ఇంతైపోయాడు.

"మా మేస్త్రి నేర్పాడమ్మా నాకు," అన్నాడు. "పనిలో చేరిన మొదటిరోజు. రంగు మంచిదో కాదో నాలిక చెబుతుందనేవాడు. తియ్యగా ఉంటే అసలు సరుకు, పది ఎండాకాలాలు ఆగుతుంది. చప్పగా ఉంటే కల్తీ. తియ్యరంగు, చప్పరంగు... మేమలాగే అనేవాళ్లం. ఎప్పుడు గీకినా ఒక పలుకు నాలిక మీద వేసుకోవడం అలవాటైపోయింది. పది రోజుల కిందట పిల్లలు పక్కనుండి చూస్తున్నారు. ఏం తాతా అన్నట్టు మొహం పెట్టింది ఇది. తియ్య అన్నాను. నేనన్నట్టే అంది. ముచ్చటేసింది. ముప్పయ్యయిదేళ్లయినా నా రంగు తియ్యదనం పోలేదని..."

ఎడంచేత్తో పెదాలు తుడుచుకున్నాడు.

"'పిల్లలు' అన్నారు మీరు," అంది టీచరమ్మ.

ఆయన తల ఎత్తలేదు.

"మామయ్యగారూ. పిల్లలు అన్నారు. ఎవరెవరు?"

"ఇద్దరూనమ్మా. వాడు కూడా నాకాడు. రోజూ నాకుతున్నారు. వాళ్లకదో ఆటైపోయింది."

టీచరమ్మకు ఒళ్లు మండిపోయింది.

"మీకు బుద్ధుండాలి! పరాయివాళ్ల పిల్లవాడు! నన్ను నమ్మి వదిలిన పిల్లవాడు! కిటికీ నాకించడమేమిటండీ, ముద్దు చెయ్యడానికి ఇంకేం దొరకలేదా మీకు?"

"అమ్మాయ్, ఆ రోజు నువ్వు కూడా..." అన్నాడు పెద్దాయన. అని, కోడలి మొహం చూసి, మిగతాది మింగేశాడు.

టీచరమ్మకు అప్పుడు గుర్తొచ్చింది. మొహం పక్కకు తిప్పుకుంది.

*

"మనం ఏమీ చెప్పొద్దు," అన్నాడు మెకానిక్.

వీధిగది తలుపు మూసి, సందుల్లో తడిగుడ్డలు దోపి, ముగ్గురూ పిల్లల్ని తీసుకుని వెనక వసారాలోకి వచ్చేశారు. నిద్రలేచిన గుండ్రాయి చేతులు టీచరమ్మ మూడుసార్లు సబ్బుతో రుద్దింది. నాలుగోసారి రుద్దబోతే వాడు చేతులు వెనక్కి దాచుకుని నవ్వాడు. నాలుగు పళ్లున్న నవ్వు.

"అంటే?"

"అంటే అంతే. వర్షాకాలం కదా, పిల్లలకు ఏవో జ్వరాలొస్తున్నాయి, మా దానికి రక్తపరీక్ష చేయించాం, మీరూ చేయించుకోండి అందాం. పరీక్ష జరుగుతుందా లేదా? వైద్యం జరుగుతుందా లేదా? మధ్యలో కిటికీ ఎందుకు, నాన్నెందుకు?"

"వాళ్ల డాక్టరూ అడుగుతాడు కదండీ, ఎక్కడ ఉంటున్నాడు పిల్లాడని."

"అప్పుడు చూద్దాం. రెండువారాలు పని ఆపి, పద్ధతిగా తడిపి తీయించి, కొత్తరంగు వేయించేస్తాను. ఒకటో తారీకు కాకపోతే పదిహేను. ఎవరికి తెలుస్తుంది? నువ్వు నోరు విప్పావంటే ఆ ఆరుగురిలో ఒక్కరూ రారు. ఈ జన్మలో నీ దగ్గరికి పిల్లను పంపరు. ఆవిడ పోలీసుల దగ్గరికెళితే? ఈయన్ని తీసుకెళ్లి బెంచీ మీద కూర్చోబెడతారు, ఆ చేత్తో!"

పెద్దాయన వసారా మెట్టు మీద కూర్చుని ఉన్నాడు.

టీచరమ్మకు భర్త మాట నచ్చలేదు. నచ్చకపోతే బాగుండును అనుకుంది అంటే ఇంకా నిజం. ఆ మాటలో ఒక వెసులుబాటు ఉంది. గుండ్రాయికి పరీక్ష జరుగుతుంది. వాడికి రావలసిన వైద్యం వాడికి వస్తుంది. బోర్డు రాసి ఉంది, చిన్న కుర్చీలు వచ్చి ఉన్నాయి, తొమ్మిదేళ్లుగా కన్న కల అలాగే ఉంటుంది. ఒక్క ముక్క దాచితే చాలు.

వీధితలుపు చప్పుడైంది.

*

గంట ముందే వచ్చింది కండక్టరమ్మ. భుజాన టికెట్ల మిషను, చంకలో నలిగిన టోపీ, మొహమంతా చెమట. వెనకవైపు నుంచి పిలిస్తే ఇంటిపక్క సందులోంచి నడిచి వచ్చింది.

"బస్సు పాడైపోయిందండీ, బతికాను. ఏడీ నా రాయి? ఒరేయ్, ఇవాళైనా తిన్నావా?"

"తిన్నాడు. అరటిపండు తిన్నాడు," అన్నాడు మెకానిక్ గబగబా.

"హమ్మయ్య. ఇంట్లో మెతుకు ముట్టడం లేదు వెధవ." కొడుకును ఎత్తుకుని మెడలో ముక్కు రుద్దింది. "టీచరమ్మగారూ, ఒక మాట. రేపట్నుంచి నాకు రెండు డ్యూటీలు వేశారు. సాయంత్రం దాకా ఉంచుతారా? కాదనకండి. ఈ ఇల్లు ఎదురుగా ఉండబట్టే బస్సులో నిశ్చింతగా నిలబడగలుగుతున్నాను."

టీచరమ్మ నోరు తెరిచింది.

"రేపు కుదరదేమోనండీ," మెకానిక్ అందుకున్నాడు. "మా పిల్లకు ఒంట్లో బాగాలేదు. ఏవో జ్వరాలు తిరుగుతున్నాయట. రక్తపరీక్ష చేయించాం. మీరూ ఒకసారి చేయించెయ్యండి, మంచిది."

"అయ్యో, పిడుక్కి జ్వరమా! మొహం చూస్తే అలా లేదే. సరే లెండి, సెలవు రోజున చూస్తాను." కండక్టరమ్మ సందులోకి తిరిగింది. "దానికి తగ్గాకే పంపిస్తాను. మీరేం మొహమాటపడకండి."

సెలవు రోజు అంటే ఆదివారం. అయిదు రోజులు. అయిదు రోజులూ ఏ పరీక్షా లేకుండా, ఏమీ తెలియకుండా. టీచరమ్మ ఆ వీపు వైపు చూస్తూ నిలబడింది. మూడడుగులు, నాలుగడుగులు. మొగుడు తేలిగ్గా ఊపిరి వదలడం వినబడింది.

"కండక్టరమ్మా, ఆగు తల్లీ," అన్నాడు పెద్దాయన మెట్టు మీద నుంచి లేస్తూ.

"మీరు కూర్చోండి మామయ్యగారూ. నేను చెబుతాను," అంది టీచరమ్మ.

చెప్పింది. పంతొమ్మిది, సీసం, పాతరంగు, పొడి, కిటికీ. తియ్య అన్న ఆట. భర్త మోచెయ్యి పట్టుకుని లాగినా ఆపలేదు. "మీ వాడికీ ఉండి ఉంటుంది. ఆదివారం దాకా ఆగకండి. ఇప్పుడే, ఇవాళే తీసుకెళ్లండి. జ్వరాలూ లేవు, ఏమీ లేవు. అది అబద్ధం."

కండక్టరమ్మ కొడుకు నోటివైపు చూసింది. తరవాత వాడి నడ్డి మీద చెయ్యి వేసి నిమిరింది.

"నిన్న రెండు దెబ్బలేశానండీ," అంది. "తినకుండా మారాం చేస్తున్నాడని. కడుపునొప్పని చెప్పడానికి మాటలు రావు కదా వాడికి."

కొడుకును రెండో భుజానికి మార్చుకుని, పెద్దాయన వైపు వేలు చూపించింది.

"ఈయన నాకిస్తున్నప్పుడు మీరెక్కడున్నారు టీచరమ్మగారూ?"

"అమ్మాయి వంటింట్లో ఉంది," పెద్దాయన అడ్డుపడ్డాడు. "తనకేం తెలీదు తల్లీ. తప్పంతా నాదే. పోలీసులనైనా పిలు, నన్నే పిలు."

టీచరమ్మ మామగారి వైపు చూసింది. ఆయన కళ్లతోనే వద్దంటున్నాడు. ఇందాక అంతేసి మాటలు పడి, ఒక్క మాటతో ఆమె నోరు మూయించగలిగి కూడా, మూయించని మనిషి.

"వంటింట్లో లేను," అంది. "అక్కడే ఉన్నాను, చీపురు పట్టుకుని. చూశాను. నవ్వాను. ఫొటో తీశాను."

మెకానిక్ చెయ్యి ఆమె మోచేతి మీద నుంచి జారిపోయింది.

కండక్టరమ్మ జేబులోంచి ఫోను తీసింది. డేకేర్ తల్లులందరికీ టీచరమ్మే పెట్టిన మెసేజీల గ్రూపు తెరిచింది. పది రోజులు వెనక్కి జరిపింది. ఫొటో వచ్చింది. కిటికీ పక్కన ఇద్దరు పిల్లలు, రెండు నాలుకలు, రెండు పచ్చటి వేళ్లు. కింద 'తాతగారి క్లాసు మొదలైంది' అని టీచరమ్మ రాసింది.

"దీని కింద నేనేం రాశానో చూడండి," అంది కండక్టరమ్మ. "'దిష్టి తగులుతుంది నా రాయికి' అని రాశాను. మూడు నవ్వుబొమ్మలు పెట్టాను." ఫోను టీచరమ్మ ముందుకు చాపింది. "ఎవర్ని తిట్టను నేను ఇప్పుడు? చెప్పండి, ఎవర్ని తిట్టను?"

వేలు తగిలి తెర కిందికి జరిగింది. ఒకరి తరవాత ఒకరు, ఆరుగురు తల్లుల నవ్వులు, ముద్దులు. అన్నిటికన్నా కింద ఇవాళ పొద్దున వచ్చినదొకటి ఉంది. డాక్టరు దగ్గర కూర్చున్న హడావుడిలో టీచరమ్మ చూడలేదు. బస్సులో కండక్టరమ్మా చూడలేదు. ఇద్దరూ తలలు వంచి ఒకేసారి పైకి చదివారు.

'టీచరమ్మగారూ, మీ ఫొటో చూపించిన దగ్గర్నుంచి మాది కూడా మొదలుపెట్టింది. రోజంతా మా కిటికీ నాకడమే. తియ్య తియ్య అని ఒకటే నవ్వు.'

"ఎవరమ్మా? ఎవరిల్లు?" అన్నాడు పెద్దాయన.

"మూలమీద పచ్చగేటు ఇల్లు," అంది టీచరమ్మ.

పెద్దాయన వేలాడుతున్న కుడిచేతిని ఎడంచేత్తో పట్టుకున్నాడు.

"ఆ ఇంటికీ నేనే వేశాను," అన్నాడు.